ముల్లు నిజం చెప్పాలంటే

మోటార్‌సైకిల్ మీటరు తనంతట తాను వేగాన్ని కొలవలేదు. ముందు చక్రం హబ్బులో చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది తిరిగితే కేబులు తిరుగుతుంది. పైన మీటరు ఆ కేబులు చుట్లను కిలోమీటర్లుగా మార్చి చూపిస్తుంది, అంతే. కిలోమీటరుకు ఎన్ని చుట్లన్నది ఆ బండి తయారు చేసినవాళ్లు ముందే ఖాయం చేసి పెట్టిన లెక్క. ఒక మోడల్ మీటరు తీసి ఇంకో మోడల్‌కు బిగించే ముందు తెలుసుకోవాల్సింది ఈ లెక్కే. మావైపు కుర్రాళ్లు చివరికి కూడా అడగనిది ఇదే.

నేను నెల్లూరులో ఒక పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. మీటర్లంటే నాకు ప్రాణం. అది తెలిసిన పిల్లలు చెన్నై పుదుపేటకు పోయి, అక్కడ ఊడదీసిన బండ్ల సామాన్ల మధ్య కంటికి నచ్చిన మీటరు కొనుక్కుని నేరుగా మా ఇంటికి వస్తారు. డయలు రంగు బాగుందని, అద్దం మీద గీతలు లేవని, లైటు వెలుగుతోందని కొంటారు. వాళ్ల ముచ్చటను నేను తక్కువ చేయను. రోజూ గంటల తరబడి కళ్లముందు ఉండే వస్తువు అందంగా ఉండాలనుకోవడం న్యాయమే. ఆ అందమైన ముల్లు నిజం కూడా చెప్పాలన్నదే నా పట్టుదల.

మా మేనల్లుడికి వాళ్ల నాన్న వాడిన పాత బుల్లెట్ ఉంది. స్టాండర్డ్ 350, పోత ఇనుప ఇంజను, 12 ఓల్టుల బండి. దానికి పెట్రోలు గేజీ లేదు, ఆర్‌పీఎం మీటరు లేదు. 2012లో వచ్చిన కొత్త థండర్‌బర్డ్ జంట మీటర్లను ఎక్కడో చూసి మనసు పారేసుకున్నాడు.

"మామయ్యా, ఈ పాత డూమ్ మొత్తం తీసేసి ఆ రెండు మీటర్లు పెట్టేద్దాం. రెండు క్లాంపులు చాలవా?"

"డూమ్ తీసేస్తే నీ ఫోర్కు దేన్ని పట్టుకుని నిలబడుతుందిరా?"

వాడికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలో వాడి తప్పేమీ లేదు, బయటికి కనిపించే సంగతి కాదది. బుల్లెట్ ముందుభాగంలో హెడ్‌లైటును, మీటరును, అమ్మీటరును, రెండు వైపులా పులికళ్లలాంటి పైలట్ దీపాలను ఒకచోట పొదిగిన లోహపు తొడుగును, అంటే వాడు డూమ్ అన్నదాన్నే, కాస్కెట్ అంటారు. ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ రెడిచ్ కర్మాగారం 1954 మోడల్ బండ్లతో దాన్ని తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1955లో, మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైంది. అలా రెడిచ్‌లో పుట్టిన ఆ రూపం మన రోడ్ల మీద స్థిరపడిపోయింది. రెడిచ్ మూతపడ్డాక కూడా మద్రాసు దాన్ని వదల్లేదు. చూడ్డానికి టోపీలా ఉన్నా పాత బుల్లెట్‌లో అది అలంకారం కాదు. ముందు ఫోర్కు గొట్టాల పై కొసలు మరలతో దానిలోకే బిగుస్తాయి. అంటే హెడ్‌లైటు తొడుగు, ఫోర్కును పట్టి ఉంచే పై భాగం రెండూ ఒకే పోత. దాన్ని తీయాలంటే వేరే పై యోక్ పెట్టాలి, వేరే హెడ్‌లైటు బ్రాకెట్లు పెట్టాలి, హ్యాండిల్ క్లాంపులు మార్చాలి. చేసేవాళ్లు ఉన్నారు, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. అయితే అది మీటరు పని కాదు, ఫోర్కు పని. మలుపు తిరిగేటప్పుడు ప్రాణాన్ని మోసే భాగం అది. మీటరు మీద ముచ్చటతో దాని జోలికి పోవద్దని వాడికి చెప్పాను.

కాస్కెట్ ఉంచి లోపలి మీటరు మాత్రమే మార్చుకుందామన్నాడు. పుదుపేట నుంచి ఒక గుండ్రటి మీటరు తెచ్చాడు. జపాను సాంకేతికతతో మన దగ్గర తయారైన ఏదో 100 సీసీ బండిది. మధ్యలో చిన్న పెట్రోలు గేజీ కూడా ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే కాస్కెట్ రంధ్రానికి కొంచెం వదులు. రబ్బరు వాషరుతో సరిపోతుంది. కేబులు మర కూడా పట్టింది. "చూశావా, దీనికోసమే చేసినట్టుంది" అని మురిసిపోయాడు. మర పట్టినంత మాత్రాన లెక్క పట్టినట్టు కాదు. పరీక్ష చేద్దామన్నాను.

ఈ పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. మీటరు వెనక కేబులు ఊడదీయాలి. బయటికి వచ్చిన లోపలి తీగ కొసకు చిన్న కాగితం జెండాలా అంటించాలి. టైర్లలో సరిగ్గా గాలి ఉండాలి, బండి మీద ఒక మనిషి కూర్చోవాలి. బరువుకు టైరు కాస్త అణుగుతుంది, ఆ అణిగిన చుట్టుకొలతే అసలు చుట్టుకొలత. ముందు టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా బండిని మెల్లగా తోయాలి. ఆ లోపు కాగితం జెండా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి. 19 అంగుళాల చక్రానికి 10 చుట్లంటే దాదాపు 20 మీటర్ల దూరం. ఇంగ్లండు స్మిత్స్ కంపెనీ మోటార్‌సైకిల్ మీటర్లు చాలావాటి డయలు మీద 1600 అని సన్నగా రాసి ఉంటుంది. మైలుకు కేబులు 1600 చుట్లని దాని అర్థం. కిలోమీటరుకు చూస్తే దాదాపు 1000. జపాను బండ్ల సంప్రదాయంలో కిలోమీటరుకు 1400 చుట్లు. కాబట్టి మన 20 మీటర్లలో జెండా 20 సార్లు తిరిగితే అది ఇంగ్లీషు లెక్క, 28 సార్లు తిరిగితే జపాను లెక్క.

మావాడి బండిలో జెండా 20 సార్లు తిరిగింది. వాడు తెచ్చిన మీటరు మాత్రం 28 కోసం ఎదురుచూసేది. అది బిగించుకుని పోతే, బండి నిజంగా 60లో పోతున్నప్పుడు ముల్లు 43 దగ్గర ఉంటుంది. కావలి దాటాక హైవే మీద 60 అనుకుని పోయే పిల్లాడు నిజానికి 84లో పోతుంటాడు. పాత బుల్లెట్ డ్రమ్ము బ్రేకులకు 60కీ 84కీ మధ్య ఎంత దూరం ఉందో ఆ బ్రేకు తొక్కినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మీటరు ఎక్కువ చూపిస్తే మనిషి నెమ్మదిగా పోతాడు, తక్కువ చూపిస్తేనే ప్రమాదం. అందుకే స్పీడోమీటర్ల మీద ఐక్యరాజ్యసమితి వారి 39వ నిబంధన, నిజమైన వేగం కంటే మీటరు ఎప్పుడూ తక్కువ చూపకూడదని కట్టడి చేసింది. కొద్దిగా ఎక్కువ చూపితే ఒప్పుకుంటుంది.

ఈ సందర్భంలో ఆ మీటరు లోపల ఏముందో మావాడికి చూపించాను, ఎందుకంటే చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. కేబులుకు, ముల్లుకు మధ్య ఎక్కడా తాకిడి లేదు. కేబులు కొసన ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని చుట్టూ పల్చని అల్యూమినియం గిన్నె బోర్లించినట్టు ఉంటుంది, ముల్లు ఆ గిన్నెకే అతికి ఉంటుంది. అయస్కాంతానికి అల్యూమినియం అంటుకోదు కదా! అయినా అది తిరుగుతుంటే గిన్నెలో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి వల్ల గిన్నె కూడా అయస్కాంతం వెంట తిరగబోతుంది. వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ లాగుడు పెరిగి ముల్లు లేస్తుంది. జర్మనీకి చెందిన ఓటో షుల్జె 1902లో ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. వందేళ్లకు పైగా కార్లలో, లారీల్లో, మన స్కూటర్లలో పనిచేసింది ఇదే. ల్యాబులో ఎన్ని పరికరాలు విప్పినా ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేసే యంత్రం నాకు ఇంకోటి కనిపించలేదు. స్ప్రింగు బిగువు, అయస్కాంతం బలం, రెండూ ఆ 1000కో 1400కో సరిచూసి పెట్టినవి. డయలు మీద అంకెలు చెరిపి కొత్తవి రాసినా కిలోమీటర్ల చక్రాల లెక్క తప్పుగానే ఉంటుంది. ఎందుకంటే అవి వేరే పళ్లచక్రాల మీద నడుస్తాయి.

చివరికి ఆ మీటరు వెనక్కి ఇచ్చి, మరో బుల్లెట్ మోడల్ నుంచి తీసిన తెల్ల డయలు మీటరు తెచ్చుకున్నాడు. కాగితం జెండాతో సరిచూశాకే బిగించాం.

తర్వాత గొడవ అమ్మీటరు దగ్గర వచ్చింది. "దీనివల్ల ఏం లాభం మామయ్యా? ముల్లు ఊగడం తప్ప" అన్నాడు. అక్కడ పెట్రోలు గేజీ పెట్టాలని వాడి ఆశ. నేను ఒప్పుకోలేదు. సున్నా మధ్యలో ఉండి, ఒక పక్క ప్లస్సు, ఒక పక్క మైనస్సు ఉండే ఆ చిన్న గడియారం బ్యాటరీ ఖాతా పుస్తకం. బండి నిలిపి లైటు వేస్తే ముల్లు మైనస్సు వైపు పడుతుంది, అంటే బ్యాటరీ నుంచి పోతోంది. యాక్సిలేటరు ఇస్తే ప్లస్సు వైపు లేస్తుంది, అంటే వస్తోంది. ఎంత ఇచ్చినా లేవడం లేదంటే ఛార్జింగు ఆగిపోయినట్టు. చీకట్లో ఆగిపోకముందే, పట్టపగలే ఆ సంగతి చెప్పే నేస్తం అది.

అయినా దాన్ని తీసేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. అమ్మీటరు గుండానే బ్యాటరీ కరెంటు ప్రవహిస్తుంది. దాన్ని తీసి రెండు వైర్లను గాల్లో వదిలేస్తే బండికి కరెంటే ఉండదు. ఆ రెండు వైర్లను ఒకదానితో ఒకటి కలిపి, గట్టి లగ్గుతో బిగించి, స్లీవు తొడగాలి. దాని స్థానంలో వోల్టుమీటరు పెట్టుకుంటే అది ఇలా కరెంటు దారి మధ్యలో కూర్చోదు. కీ వేశాక కరెంటు వచ్చే వైరుకు ఒక కొస, బాడీకి ఒక కొస ఇవ్వాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర, ఇంజను నడుస్తూ ఛార్జి అవుతుంటే 14 దాపుల్లో చూపాలి. ఇంకో సంగతి. కాస్కెట్ లోహం, పైగా ఎర్తు. అమ్మీటరు వెనక నట్టు వదులై కాస్కెట్‌కు తగిలితే నిప్పురవ్వలే. ఏ పానా పట్టుకునే ముందైనా బ్యాటరీ వైరు తీయాలి. నేను చెప్పే జాగ్రత్తల్లో ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండనీయండి.

పెట్రోలు గేజీ మీద వాడి ఆశ చావలేదు. బుల్లెట్ నడిపే ఇళ్లలో ఆ బాధ అందరికీ తెలుసు. బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వినాలి, మూత తీసి టార్చి వేయాలి, రిజర్వులో పడితే బంకు వెతుక్కోవాలి. క్లాసిక్ 350కి సైతం 2021లో కొత్త ఇంజనుతో వచ్చినప్పుడే గేజీ పెట్టారు. గేజీ అంటే ముల్లు ఒక్కటే అయితే పెట్టేయొచ్చు, కానీ దాని ప్రాణం ట్యాంకులో ఉంది. ట్యాంకులో తేలే ఫ్లోటు పైకీ కిందికీ కదిలినప్పుడు దాని నిరోధం మారుతుంది, ఆ ఓములను బట్టి ముల్లు కదులుతుంది. ఆ ఓముల లెక్క కూడా తలో తీరు. అమెరికా పద్ధతి గేజీల్లో ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33. యూరపు పద్ధతిలో ఖాళీకి 10, నిండితే 180. ఒక పద్ధతి ఫ్లోటుకు ఇంకో పద్ధతి ముల్లు కలిపితే నిండు ట్యాంకు ఖాళీగా, ఖాళీ ట్యాంకు నిండుగా కనిపిస్తుంది. మల్టీమీటరుతో ఫ్లోటును కింద పెట్టి ఒకసారి, పైన పెట్టి ఒకసారి కొలిస్తే ఏ పద్ధతో తెలిసిపోతుంది. రెండింటిదీ ఒకే లెక్క అయినా ఫ్లోటు చేయి పొడవు ఆ ట్యాంకు లోతుకు సరిపోవాలి. అసలు చిక్కు ఏమిటంటే, పాత బుల్లెట్ ట్యాంకులో ఫ్లోటు దిగడానికి దారే లేదు. రంధ్రం కోసి వెల్డింగు చేయించాలి. ఖాళీ ట్యాంకులో కూడా పెట్రోలు ఆవిరి ఉంటుంది, అది పేలుతుంది. వీధి మూల వెల్డరు దగ్గర ట్యాంకు కోయించడానికి నేను ససేమిరా అన్నాను. వాడు రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. నా మాట మారలేదు, ఇప్పటికీ అదే మాట.

ఆర్‌పీఎం మీటరు సంగతి త్వరగా చెబుతాను. పాత పాయింట్ల బుల్లెట్‌లో ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక స్పార్కు. చాలా కొత్త ఇంజన్లలో ప్రతి చుట్టుకూ ఒక స్పార్కు వస్తుంది. ఈ రెండో రకం మీటరును మొదటి బండికి పెడితే 3000 దగ్గర 1500 అంటుంది. ఇండికేటరు దీపాల్లో కూడా ఇలాంటి చిక్కే. కొన్ని మీటర్లలో కుడికీ ఎడమకీ కలిపి ఒకటే దీపం. రెండు దీపాల బండి వైర్లను నేరుగా దానికి కలిపితే ఎడమకు స్విచ్చి వేసినా నాలుగు ఇండికేటర్లూ మిణుకుతాయి. మధ్యలో రెండు 1ఎన్4007 డయోడ్లు పెడితే చాలు, రూపాయల్లో పోయే పని.

డిజిటల్ మీటర్ల పిచ్చి మనవైపు 2006-07 ప్రాంతంలో బజాజ్ పల్సర్ డిజిటల్ మీటరుతో వచ్చినప్పటి నుంచి బాగా ముదిరింది. వీటికి కేబులు ఉండదు. చక్రం దగ్గరో, గేరుబాక్సు దగ్గరో ఉన్న సెన్సరు చుట్టుకు ఇన్ని పల్సులని పంపితే మీటరు లోపలి చిప్పు లెక్క కడుతుంది. ఇక్కడ చక్రం చుట్టుకొలత ముఖ్యం. 90/90-21 టైరు ఒక చుట్టుకు దాదాపు 2.18 మీటర్లు పోతుంది, 90/90-19 టైరు 2.02 మీటర్లే పోతుంది. ముందు చక్రానికి సెన్సరున్న పెద్ద చక్రం బండి మీటరును సెన్సరుతో సహా తెచ్చి చిన్న చక్రానికి పెడితే వేగం దాదాపు 8 శాతం ఎక్కువ చూపుతుంది. అంతకంటే ముందు చూసుకోవాల్సింది కరెంటు. పాత చిన్న బండ్లు చాలావాటిలో హెడ్‌లైటుకు వచ్చేది ఏసీ. ఆ వైరు నుంచి డిజిటల్ మీటరుకు కనెక్షను ఇస్తే వెలిగినంతసేపు పట్టదు, మాడిపోతుంది. బ్యాటరీ నుంచి కీ ద్వారా వచ్చే డీసీ ఇచ్చి, మధ్యలో 1 ఆంపియరు ఫ్యూజు పెట్టాలి. జాయింట్లు చేతితో మెలిపెట్టి టేపు చుట్టడం నాకు బొత్తిగా పడదు. మా సముద్రపు గాలికి ఆరు నెలల్లో పచ్చగా తుప్పు పడుతుంది. అసలు వైరింగు కోయకుండా, అదే కప్లరుకు జతగా కొత్త కప్లరు తయారు చేసుకుంటే ఎప్పుడైనా పాత మీటరు మళ్లీ పెట్టుకోవచ్చు.

కొత్త బండ్లకు ఈ పని వద్దంటాను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6. ఏబీఎస్ చెడిందని, ఇంజనులో లోపముందని హెచ్చరించే దీపాలు ఆ మీటరులోనే ఉంటాయి. చాలా బండ్లలో మీటరు, ఇంజను కంప్యూటరు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వేరే మోడల్ మీటరు ఆ మాట వినలేదు. బ్రేకు హెచ్చరిక లేని అందం ఎవరికి కావాలి? అదనంగా ఏదైనా కావాలంటే అసలు మీటరు పక్కన పెట్టుకోవాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా చేసింది అదే. 2020లో మీటియర్ 350తో దారి చూపే ట్రిప్పర్ అనే చిన్న గుండ్రటి మీటరు తెచ్చింది. మరుసటి ఏడాది అదే గుండ్రటి డబ్బీని హిమాలయన్‌లోనూ, క్లాసిక్‌లోనూ అసలు మీటరు పక్కన కూర్చోబెట్టింది.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మీటరు మోడల్‌ను ఆర్‌సీలో రాయరు. పని చేసే స్పీడోమీటరు మాత్రం బండికి ఉండి తీరాలి. ఫోర్కు పైభాగం మార్చే స్థాయికి పోతే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగడం మేలు.

ఇక కిలోమీటర్లు. సెకండ్ హ్యాండ్ మీటరుతో పాటు వేరే బండి తిరిగిన కిలోమీటర్లు కూడా మన బండికి వస్తాయి. పాతవాటిలో అవి పళ్లచక్రాల మీద, డిజిటల్‌లో చిప్పులో ఉంటాయి. తక్కువ చూపే మీటరు కావాలని ఏరుకుని కొనేవాళ్లను చూశాను. అది కొనేవాడి జేబు కొట్టడమే. మావాడి చేత బిగించిన రోజునే పాత మీటరు, కొత్త మీటరు రీడింగులు రెండూ ఫోటో తీయించి, తేదీతో సర్వీసు పుస్తకంలో రాయించాను. అమ్మే రోజు వస్తే అసలు కిలోమీటర్లు ఎంతో సేల్ లెటరులో రాసి, పాత మీటరును కూడా బండితో పాటు ఇచ్చేయాలని మాట తీసుకున్నాను. తర్వాత ఫోనులో జీపీఎస్ పెట్టుకుని తెల్లవారుజామున కోవూరు వైపు తిన్నటి రోడ్డు మీద నడిపి చూశాడు. జీపీఎస్ 40 అన్నప్పుడు ముల్లు 42 దగ్గర, 60 అన్నప్పుడు 63 దగ్గర ఉందట. అలాగే ఉంచమన్నాను.